ఎండాకాలంలో చూసి కొన్న స్థలం

హైదరాబాద్‌లో ఇల్లో స్థలమో కొనాలనుకునేవాళ్లు చాలామంది చూసి రావడానికి బయల్దేరేది ఎండాకాలంలోనే. పిల్లల పరీక్షలు అయిపోయి ఉంటాయి. జూన్‌లో కొత్త స్కూల్లో వేసేలోగా ఇంటి సంగతి తేలిపోతే బాగుంటుందనిపిస్తుంది. ఆదివారం ఏజెంటు కారు వస్తుంది. వెంచర్ చదునుగా ఉంటుంది, హద్దురాళ్లకు కొత్తగా రంగు వేసి ఉంటుంది, పక్కనే పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్న మైదానం కనిపిస్తుంది. ఆ మైదానం గట్టి వాన పడిన ఏడు నిండే కుంట అనీ, అవతల కనిపించే మట్టిదిబ్బ దాని కట్ట అనీ ఏప్రిల్‌లో ఎవరికీ తట్టదు.

ఇల్లు కొనేటప్పుడు జనం పర్యావరణాన్ని పట్టించుకోరు అనే మాట తరచూ వినిపిస్తుంది. అది నిజం కాదు. పట్టించుకుంటారు, దానికి డబ్బూ పెడతారు. పార్కు ఎదురుగా ఉన్న ఫ్లాటుకు, చెట్లున్న వీధికి, నీళ్లు కనిపించే బాల్కనీకి ఎక్కువ ఇస్తారు. హారన్ల మోత ఆగని రోడ్డు మీది ఇంటికి గట్టిగా బేరమాడతారు. చిక్కల్లా ఏమిటంటే, చూడటానికి వెళ్లిన ఆ గంటలో కంటికి కనిపించేవే ఈ లెక్కలోకి వస్తాయి. వాన నీళ్లు ఎటు పారతాయి, చలికాలం రాత్రి గాలి ఏ వాసన మోసుకొస్తుంది, అయిదేళ్ల తర్వాత బోరులో నీళ్లుంటాయా అన్న ప్రశ్నలు ధరలోకి రావు. వచ్చినా ఆలస్యంగా వస్తాయి. అప్పటికి రిజిస్ట్రేషన్ అయిపోయి, ఈఎంఐ మొదలై ఉంటుంది.

ఆర్థికవేత్తలు ఇంటి ధరను ఒకే ముద్దగా చూడరు. ఎన్ని గదులు, ఆఫీసు ఎంత దూరం, స్కూలు ఎంత దగ్గర, చుట్టూ గాలి ఎలాంటిది అని విడివిడిగా తీసి, ఒక్కోదానికి జనం ఎంత ఇస్తున్నారో లెక్క కట్టవచ్చంటారు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో గాలి కాలుష్యం ఎక్కువున్న చోట ఇళ్ల విలువ తక్కువగా ఉందని 1967లో రిడ్కర్, హెన్నింగ్ అనే ఇద్దరు ఇలాంటి లెక్కతోనే చూపించారు. 1974లో షెర్విన్ రోసెన్ ఈ పద్ధతికి సిద్ధాంత రూపం ఇచ్చాడు. అయితే కొనేవాళ్లకు ఆ చోటు గురించి తెలుసు అనుకుంటేనే ఈ లెక్క కుదురుతుంది. మన నగరాల్లో లేనిది సరిగ్గా అదే.

చెరువు సంగతే తీసుకుందాం. హైదరాబాద్ రాతినేల మీది ఊరు. పడిన వాన ఇంకేది తక్కువ, పారేది ఎక్కువ. అందుకే పూర్వం ఈ ప్రాంతమంతటా గొలుసుకట్టు చెరువులు కట్టారు. పై చెరువు నిండితే అలుగు దూకి కింది చెరువులోకి, అదీ నిండితే ఇంకో దానిలోకి, చివరికి మూసీలోకి నీళ్లు పోయేవి. వాన తగ్గిన ఏడాది చెరువు అంచు వెనక్కి జరిగితే, బయటపడిన నేలలో రైతులు పంట వేసుకునేవాళ్లు. అదే శిఖం భూమి. చాలాచోట్ల ఈ శిఖం భూమికి పట్టాలు కూడా ఉన్నాయి. అంటే యజమాని ఉంటాడు, పాసుపుస్తకం ఉంటుంది, అమ్ముకునే హక్కు ఉంటుంది. ఇల్లు కట్టే హక్కు మాత్రం ఉండదు. "పట్టా భూమే సార్, క్లియర్ టైటిల్" అని ఏజెంటు చెప్పే మాటలో అబద్ధం ఉండకపోవచ్చు. అయినా అక్కడ కట్టిన ఇల్లు నీళ్లలోనే ఉంటుంది.

చెరువు నిండినప్పుడు నీళ్లు ఎంతవరకు వస్తాయో ఆ గీతనే ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అంటున్నారు. దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన మేర బఫర్. 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు, అంటే జీవో 168 ప్రకారం, 10 హెక్టార్లు అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు వదలాలి. నాలా, అంటే వాన నీళ్లు పోయే కాలువ, వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు. నగర పరిధిలో నదికి 50 మీటర్లు. ఈ అంకెలు కాగితం మీద స్పష్టంగానే ఉన్నాయి. కానీ అసలు ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో తేలితేనే దాని నుంచి 30 మీటర్లు కొలవగలం. ఎన్నో చెరువులకు ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చి, తుది నోటిఫికేషన్ రాకుండా ఏళ్ల తరబడి ఆగిపోయింది. ఆ మధ్యకాలంలోనే అమ్మకాలు జరిగాయి, అనుమతులు వచ్చాయి, బ్యాంకులు లోన్లు ఇచ్చాయి.

2024 జులైలో ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి, చెరువుల్లో కట్టినవాటిని కూల్చడం మొదలుపెట్టాక ఈ మాటలు ఇంటింటికీ చేరాయి. అంతకుముందు ఎఫ్‌టీఎల్ అంటే ఇరిగేషన్ ఇంజనీర్ల భాష. ఆ తర్వాత ఫ్లాటు చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ అడిగే మొదటి ప్రశ్న అయింది. నీళ్లు ముంచినప్పుడు రాని భయం జేసీబీ వచ్చినప్పుడు వచ్చింది. ఇది కొంత బాధ కలిగించే విషయమే. ఎందుకంటే కొనేవాళ్లు ఇప్పుడు వెతుకుతున్నది ఆ చోటు మునుగుతుందా అన్నది కాదు, కూలుస్తారా అన్నది. ఈ రెండూ ఒకటి కావు. బఫర్‌కు వంద మీటర్ల అవతల, అన్ని అనుమతులతో కట్టిన అపార్ట్‌మెంటు కూడా పల్లంలో ఉంటే మునుగుతుంది.

నీరు ధరను పెంచనూ గలదు, తగ్గించనూ గలదు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్ల దాకా పలికింది. దానికి ఔటర్ రింగ్ రోడ్డు, ఐటీ ఆఫీసులు పెద్ద కారణం. అయినా పై అంతస్తుల నుంచి కనిపించే గండిపేట చెరువు విలువ తక్కువేమీ కాదు. ఆ గండిపేటను కట్టింది చూసి ఆనందించడానికి కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని తుడిచిపెట్టాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వరదను పైనే ఆపడానికి 1920లో ఉస్మాన్‌సాగర్ (ఇదే గండిపేట), 1927లో హిమాయత్‌సాగర్ పూర్తిచేశారు. వాటి ఎగువన నేల అలాగే ఉంటేనే చెరువుల్లోకి మంచినీళ్లు వస్తాయని 1996లో జీవో 111 తెచ్చి, చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేశారు. 2022లో జీవో 69తో దాన్ని సడలించారు, 2023 మేలో రద్దు చేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. పాతికేళ్లపాటు ఆ ఊళ్ల భూమి ధరను నిర్ణయించింది ఆ ఒక్క జీవోనే. సడలుతుందన్న ఆశతో కొన్నవాళ్లు ఉన్నారు. నిబంధన కూడా వాతావరణంలాంటిదే అనుకుని కొనాలి, ఎప్పుడు ఎటు మారుతుందో తెలియదు.

ఇక వానల సంగతి. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. హుస్సేన్‌సాగర్ కింద ఉన్న దోమలగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలు మునిగాయి. నాలాలు ఎక్కడ ఇరుకయ్యాయో, ఎంత వెడల్పు చేయాలో చెబుతూ 2003లో కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ నివేదిక ఇచ్చింది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు పడింది. పల్లె చెరువు కట్ట తెగి అల్ జుబైల్ కాలనీ మీద, గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబానగర్ మీద నీళ్లు పడ్డాయి. టోలీచౌకీలో నదీం కాలనీ, కొంపల్లి దగ్గర ఫాక్స్‌సాగర్ పక్కన ఉన్న ఉమామహేశ్వర కాలనీ మునిగాయి. ఉమామహేశ్వర కాలనీలోనైతే వారాల తరబడి నీళ్లు తీయలేదు. అక్కడివి గుడిసెలు కావు. డాబా ఇళ్లు, సొంత కార్లు, గ్రానైట్ గచ్చులు. జీవితకాలపు పొదుపు పెట్టి కట్టుకున్నవి.

మునిగిన కాలనీకి గుర్తులుంటాయి, కాస్త నిలబడి చూస్తే తెలుస్తాయి. ప్రహరీగోడ మీద నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తున అడ్డంగా ఒక మురికి చార ఉంటుంది. కొత్తగా సున్నం వేసినా ఒకటి రెండు వానలకు మళ్లీ బయటికి వస్తుంది. గేటు దగ్గర అడుగు ఎత్తున ఇటుకలతో అడ్డుగోడ కట్టి, బండి ఎక్కడానికి దానికి రెండువైపులా సిమెంటు వాలు వేసి ఉంటుంది. కరెంటు మీటరు నడుము ఎత్తులో ఉండాల్సింది తలెత్తి చూసేంత పైన ఉంటుంది. కొన్ని ఇళ్ల ముందు రోడ్డు, వేసిన పొర మీదే పొర వేసి వేసి, వరండా కంటే పైకి వచ్చేసి ఉంటుంది. కింది పోర్షన్‌కు టులెట్ బోర్డు, పై పోర్షన్‌లో ఓనర్లు. ఇవన్నీ ఒకే వీధిలో కనిపిస్తే అక్కడ నీళ్లు ఎంత ఎత్తున వస్తాయో ఇంకెవరినీ అడగనక్కర్లేదు.

ఇంత కళ్లముందే ఉంటే మరి ధరలు పడిపోవాలి కదా? పడతాయి, కొన్నాళ్లు. 1994లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం ఆల్బనీ పట్టణాన్ని ఫ్లింట్ నది ముంచెత్తింది. ముంపు ప్రాంతంలోని ఇళ్ల ధరలు ఆ వెంటనే బాగా తగ్గాయి. తర్వాత ఏటేటా ఆ తేడా కరిగిపోతూ వచ్చి, 4 నుంచి 9 ఏళ్లలో లేకుండా పోయిందని పరిశోధకులు లెక్కతేల్చారు. నది అక్కడే ఉంది, నేల ఎత్తు పెరగలేదు. మారింది జనం జ్ఞాపకం ఒక్కటే. వరద పటాలు, వరద బీమా పథకం ఉన్న దేశంలోనే ఇలా జరిగితే, నోటి మాట తప్ప ఇంకేమీ లేని మన దగ్గర మరపు ఇంకెంత తొందరగా వస్తుందో ఊహించుకోవచ్చు. పైగా ఇల్లు అమ్మాలనుకునేవాళ్లకు, కాలనీ పరువు పోకూడదనుకునే సంఘానికి, కమీషన్ రావాల్సిన ఏజెంటుకు మరచిపోవడమే లాభం.

విజయవాడలో ఇదే జరిగింది. 2005లో బుడమేరు వాగు పొంగింది. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు అంత పెద్ద వరద రాలేదు. ఆ లోపల సింగ్‌నగర్, పాయకాపురం వైపు వీధుల మీద వీధులు వచ్చాయి. మధ్యతరగతి వాళ్లు, కూలీనాలీ చేసుకునేవాళ్లు కొనగలిగిన ధర అక్కడే ఉంది మరి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లను మళ్లించే కాలువకు గండ్లు పడి, ఆ ప్రాంతమంతా రోజుల తరబడి నీళ్లలో ఉంది. మర్నాడు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అయినా కృష్ణ ఒడ్డునే ఉన్న కృష్ణలంకను రిటైనింగ్ వాల్ కాపాడింది. కృష్ణమ్మ ఎంత దగ్గరైనా అడ్డం ఒక గోడ ఉంది. బుడమేరు దూరమే అనిపించినా అడ్డం ఏమీ లేదు. కొనేవాళ్లు నదికి ఎంత దూరం అని అడుగుతారు. అడగాల్సింది నీళ్లు వచ్చే దారిలో ఉన్నామా అని.

ఇక్కడ వాస్తు మాట ఎత్తకుండా ఉండలేం. తెలుగువాళ్లు ఇల్లు కొనేటప్పుడు మొదట చూసేది అదే. ఫేసింగ్ ఏది, ఈశాన్యం పల్లంగా ఉందా, నైరుతి ఎత్తుగా ఉందా, వీధిపోటు ఉందా అని పట్టి పట్టి అడుగుతారు. 200 గజాల స్థలంలో వాన నీరు ఏ మూలకు పోవాలో అంత శ్రద్ధగా చూసే మనుషులు, ఆ నీరు గేటు దాటాక ఎటు పోతుందో అడగరు. ఇంటి లోపలి వాలు సిద్ధాంతి చూసి పెడతాడు. కాలనీ వాలు చూసేవాళ్లు లేరు. నేల ఎత్తుపల్లాలను గమనించే అలవాటు మన వాళ్లకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు. ఉన్నదాన్నే ప్రహరీ దాటించి నాలుగు వీధుల మేర చూడగలిగితే సగం ముంపు కొనుగోళ్లు ఆగిపోతాయి.

ఎక్కువైన నీళ్ల తర్వాత, లేని నీళ్లు. 2024 ఎండాకాలంలో మణికొండ, కొండాపూర్, గచ్చిబౌలి వైపు అపార్ట్‌మెంట్లలో ట్యాంకర్ బుక్ చేస్తే ఎప్పుడొస్తుందో తెలియని పరిస్థితి వచ్చింది. హైదరాబాద్ తాగేది చాలావరకు దగ్గరి నీళ్లు కావు. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వందల అడుగుల ఎత్తుకు పంపు చేసి తేవాలి. పైపు వేసిన మేరకే అవి వస్తాయి. ఊరు పైపు కంటే ముందే పెరిగింది. మిగతా అవసరమంతా బోరుదే. ఇక్కడి గ్రానైట్ రాయిలో నీళ్లు నిలిచేది పైనున్న శిథిలమైన పొరలో, రాతి పగుళ్లలో. లోతు పెరిగేకొద్దీ పగుళ్లు తగ్గిపోతాయి. వెయ్యి అడుగులు వేసినా దుమ్ము తప్ప ఏమీ రాని బోర్లు అందుకే. పక్క సైటులో నాలుగైదు సెల్లార్ల లోతున తవ్వి, ఊరిన నీళ్లను మోటార్లు పెట్టి నాలాలోకి తోడేస్తుంటే ఉన్న పొర కూడా ఎండిపోతుంది.

నీటి కరువు ఇంటి ధరలో కనిపించదు. మెయింటెనెన్స్‌లో కనిపిస్తుంది. చదరపు అడుగు రేటు మీద రెండు వందలు తగ్గించడానికి నెల రోజులు బేరమాడినవాళ్లు, అసోసియేషన్‌ను మే నెల ట్యాంకర్ల బిల్లు ఒకటి చూపించమని అడగరు. ఆ ఒక్క కాగితంలో చాలా సంగతులు ఉంటాయి: మంజీరా కనెక్షన్ (నగర కుళాయి నీళ్లను ఇక్కడ అలాగే పిలుస్తారు) ఉందా, ఉంటే ఎన్ని రోజులకోసారి వదులుతున్నారు, బోర్లు ఎన్ని ఎండాయి, వాడకం నీళ్లకు ఒక్కో ఫ్లాటుకు నెలకు ఎంత పడుతోంది. నగరంలో నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇచ్చే పథకం 2021లో మొదలైంది. పైపు లేని గేటెడ్ కమ్యూనిటీకి దానితో పని లేదు. క్లబ్‌హౌస్‌లో స్విమ్మింగ్ పూల్ ఉండి, ఏప్రిల్‌లో కుళాయికి వేళలు పెట్టిన చోట్లు ఉన్నాయి.

గాలి విషయంలో పగటి పూట చూడటం ఇంకా మోసం చేస్తుంది. మధ్యాహ్నం నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, పొగా వాసనా చెదిరిపోతాయి. చలికాలం రాత్రి నేల చల్లబడితే చల్లని గాలి కింద ఉండిపోయి, పైన వెచ్చని గాలి మూతలా పడుతుంది. చిమ్నీ నుంచి వచ్చింది, చెత్త తగలబెట్టింది, నాలాలో ఊరింది అంతా ఆ మూత కిందే తిరుగుతుంది. పారిశ్రామికవాడల పక్క కాలనీల్లో "రాత్రి పదకొండు దాటితే వాసన మొదలవుతుంది" అని జనం చెప్పేది ఊరికే కాదు. గాలి దిశ కూడా ఏడాది పొడుగునా ఒక్కటే ఉండదు. వానాకాలంలో పడమటి గాలి, చలికాలంలో తూర్పు గాలి. జూన్‌లో వాసన రాని ఇంటికి డిసెంబరులో రావచ్చు.

పటాన్‌చెరు, బొల్లారం కథ ఇందుకు పెద్ద ఉదాహరణ. అక్కడి కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. 2007లో స్వీడన్ పరిశోధకులు, పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించారు. శుద్ధి అయ్యాక బయటికి వచ్చిన నీళ్లవి. ఇప్పుడు అదే దిక్కున అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ఔటర్ లోపలి పాత పారిశ్రామికవాడల భూముల్లో ఇళ్లు, వ్యాపార భవనాలు కట్టుకునే వీలు కల్పిస్తూ ప్రభుత్వం 2025 నవంబరులో ఒక విధానం తెచ్చింది. ఫ్యాక్టరీ వెళ్లిపోవడం చుట్టుపక్కల వాళ్లకు మంచిదే. అయితే ముప్పై నలభై ఏళ్లు రసాయనాలు ఇంకిన మట్టి అంత తేలిగ్గా పోదు. అలాంటి చోట కట్టే ఇళ్లకు టైటిల్ ఎంత క్లియర్‌గా ఉన్నా, మట్టికి, భూగర్భ జలానికి పరీక్ష చేయించి ఆ రిపోర్టు చూపించాలని కొనేవాళ్లు పట్టుబట్టాలి.

జవహర్‌నగర్ డంపింగ్ యార్డు పక్కనున్న దమ్మాయిగూడ, నాగారం వాళ్లకు వాసనతోనే రోజు గడుస్తుంది. చెత్తగుట్టకు పైన కప్పు వేసినా, అందులోంచి ఊరిన నల్లటి ద్రవం మల్కారం చెరువులోకి చేరింది. మూసీ వెంట, పెద్ద నాలాల వెంట ఉండేవాళ్లకు ఇంకో నష్టం కూడా ఉంది. కుళ్లిన మురుగు నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్, అదే కుళ్లిన కోడిగుడ్ల వాసన వేసేది, రాగిని తినేస్తుంది. ఏసీ కాయిల్‌కు మాటిమాటికీ చిల్లు పడి గ్యాస్ కారిపోతుంటే, మెకానిక్ కంపెనీని తిడతాడు గానీ కారణం కిటికీ అవతల పారుతుంటుంది. అందుకే ఏసీ మెకానిక్‌ను అడిగితే ఆ వీధి గాలి గురించి తెలిసిపోతుంది.

విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. ఆ ఫ్యాక్టరీ 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో మొదలైనప్పుడు నగరం అంత దూరం రాలేదు. నగరం పెరిగి దాని గోడను ఆనుకుంది. ఇందులో తప్పు ఇల్లు కట్టుకున్నవాళ్లది అనడం అన్యాయం. ప్రమాదకర పరిశ్రమ చుట్టూ ఎంత మేర ఇళ్లకు అనుమతి ఇవ్వకూడదో చూడాల్సింది ప్రణాళికా శాఖ.

శబ్దం, వేడి గురించి రెండు మాటలు చాలు, ఎందుకంటే వీటిని కొనేవాళ్లు స్వయంగానే కనిపెట్టగలరు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబుల్స్ దాటకూడదని 2000 నాటి నియమాలు చెబుతాయి. ఫోన్‌లో ఒక యాప్ వేసుకుని రాత్రి పదిన్నరకు బాల్కనీలో నిలబడితే తెలిసిపోతుంది. వేడికి పై అంతస్తు, పడమటి గోడ, చుట్టూ సిమెంటు తప్ప చెట్టు లేకపోవడం కారణాలు. పైకప్పులకు ఎండను తిప్పికొట్టే పూత వేయాలని తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. పైకప్పుకు పూత ఏ ఏడాదైనా వేయించుకోవచ్చు. పల్లంలో కొన్న ఇంటిని ఎత్తు మీదికి మార్చుకోలేం. అందుకే నీటికి ఇచ్చిన ప్రాధాన్యం వేడికి ఇవ్వనక్కర్లేదు.

ఇదంతా ఎంచుకునే స్తోమత ఉన్నవాళ్ల మాట. లక్ష రెండు లక్షలు పెట్టి నోటరీ కాగితం మీద నాలా పక్కన అరవై గజాలు కొనేవాళ్లకు అది మునుగుతుందని తెలియక కాదు. పని దొరికే చోటికి నడిచి వెళ్లేంత దూరంలో వాళ్లు కొనగలిగింది అదొక్కటే. అక్కడ ముంపు వల్ల ధర తగ్గింది, ధర తగ్గినందువల్ల వాళ్లు వచ్చారు. వాళ్లను ఆక్రమణదారులని, ఫ్లాటు కొని మునిగినవాళ్లను బాధితులని పిలిచే పద్ధతి మానుకోవాలి. ఇద్దరికీ అమ్మినవాళ్లు ఎక్కడో సురక్షితంగా ఎత్తు మీదే ఉన్నారు.

ఇల్లు కొనేవాళ్లు తమంతట తాము చూసుకోగలిగినవి లేకపోలేదు. నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో ఎఫ్‌టీఎల్ పటాలున్నాయి. గ్రామ నక్షాలో సర్వే నంబరు పక్కన చెరువు, వాగు గీతలుంటాయి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు వెనక్కి జరిపి చూస్తే ఇప్పుడు వెంచర్ ఉన్న చోట అప్పుడు నీలం మరక కనిపించవచ్చు. అయితే వీటన్నిటికంటే ఒక్క వానరాత్రి వెళ్లి చూడటం మేలు. అడ్వాన్స్ ఇచ్చేముందు ఒక వానాకాలం ఆగమంటే ఎవరూ వినరు, రేటు పెరిగిపోతుందన్న టెన్షన్. ఆ టెన్షన్ పెంచడమే అమ్మేవాళ్ల పని. ఆగలేకపోతే ఆ వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన్నో, కిరాణా కొట్టావిడనో "2020లో ఇక్కడ నీళ్లు ఎంతదాకా వచ్చాయమ్మా?" అని అడగాలి. వచ్చాయా అని అడిగితే లేదంటారు. ఎంతదాకా అని అడిగితే చెయ్యి పెట్టి చూపిస్తారు.

కానీ ఇది కొనేవాళ్ల తెలివి మీద వదిలేయాల్సిన విషయం కాదు. బ్యాంకు లీగల్ ఒపీనియన్‌లో లింక్ డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు, అప్పులు చూపే పత్రం) చూస్తారు, ముంపు చూడరు. రియల్ ఎస్టేట్‌ను నియంత్రించే రెరా చట్టం టైటిల్, ప్లాను, గడువు వెల్లడించమంటుంది. కట్టడంలో లోపం అయిదేళ్లలో బయటపడితే బిల్డరే సరిచేయాలంటుంది. ఆ చోటు గతంలో మునిగిందా అన్నది చెప్పాలని ఏ కాగితమూ అడగదు. వరదకు కూడా వర్తించే భారత్ గృహ రక్ష బీమా 2021 ఏప్రిల్ నుంచి దొరుకుతోంది, దాని పేరు విన్నవాళ్లే తక్కువ.

నిజానికి ఏ ఇల్లు మునిగిందో ప్రభుత్వం దగ్గర ఉంది. 2020 వరద తర్వాత హైదరాబాద్‌లో ఒక్కో బాధిత కుటుంబానికి 10,000 రూపాయలు ఇచ్చారు. 2024లో విజయవాడలో ఇంటింటికీ తిరిగి నమోదు చేసి, మునిగిన కింది అంతస్తు ఇంటికి 25,000, పై అంతస్తుకు 10,000 చొప్పున ఇచ్చారు. అంటే డోర్ నంబరుతో సహా జాబితాలు తయారయ్యాయి. వాటిలో పొరపాట్లు ఉండవచ్చు, సరిదిద్దుకోవచ్చు. ఆ జాబితాలను రిజిస్ట్రేషన్ శాఖకు ఇచ్చి, ఈసీ తీసుకున్నప్పుడు అప్పుల కింద ఇంకో వరుసలో "ఈ ఆస్తికి ఫలానా సంవత్సరంలో వరద సహాయం అందింది" అని ముద్రిస్తే చాలు. అలా చేస్తే ఆస్తి విలువ పడిపోతుందని యజమానులు గొడవ చేస్తారు. పడిపోతే నాలాను వెడల్పు చేయమని, కట్టను బాగుచేయమని గట్టిగా అడిగేదీ ఆ యజమానులే. ఇప్పుడు అదే నష్టాన్ని, తెలియకుండా వచ్చి ఇరవై ఏళ్ల లోన్ మీద సంతకం పెట్టే తర్వాతి కుటుంబం మోస్తోంది.